పన్నెండు గంటల షిఫ్టులో బంతికి చోటేది?

2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక మన ఊళ్లలో కూడా సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మళ్లీ వినబడింది. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆయన కోచ్, మన హైదరాబాదీ. సినిమా ఆ గెలుపు దగ్గర ఆగిపోతుంది. ఆగాల్సింది కూడా అక్కడే. ఆట ముగిశాక ఆటగాడు ఏమవుతాడన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. ముప్పై ఏళ్లు దాటేసరికి కాళ్లలో చురుకు తగ్గుతుంది. ఆ తర్వాత ఇంకో ముప్పై నలభై ఏళ్లు బతకాలి. ఆ బతుకు ఎలా ఉంటుందన్నది ఎక్కడ తేలుతుంది? మైదానంలో తేలదని, అతను మొదటిసారి బంతిని తన్నకముందే చాలావరకు తేలిపోయి ఉంటుందని నా వాదన. ఈ మాట నాకు బొంబాయి దగ్గరి భీవండి చెప్పింది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి తరాలుగా మనవాళ్లు వచ్చి స్థిరపడిన ఈ సాంచాల (పవర్‌లూమ్‌ల) పట్నంలో, కల్యాణ్ రోడ్డు వైపున్న టెంఘర్ నుంచి చూస్తే, హైదరాబాద్ ఆటగాళ్ల కథకు మరాఠీ దేశపు చరిత్రలో ఒక వివరణ దొరుకుతుంది. మనూరి పాఠకులకు ఆ చరిత్ర కొంత చెప్పక తప్పదు.

ముందు ఒక మనిషి జీవితం చూద్దాం. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1939లో పుట్టారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఆయన ఉన్నారు. కోచ్ కన్నతండ్రే. హంగరీ చేతిలో ఓడి, ఫ్రాన్స్‌తో 1–1గా నిలిచి, పెరూ చేతిలో ఓడి మనవాళ్లు తిరిగొచ్చారు. ఆ మూడు మ్యాచ్‌లలో ఒక్కదాంట్లో కూడా హకీం ఆడలేదు. ఒలింపియన్ అనిపించుకున్న మనిషి ఒలింపిక్ మైదానంలో ఒక్క నిమిషం ఆడకుండానే వెనక్కి వచ్చారు. ఎందరో ఆటగాళ్ల కథ ఇలాంటి చోటే ముగిసి, తర్వాతి జీవితమంతా ఆ నిరాశ చుట్టూ తిరుగుతుంది. హకీం విషయంలో అలా జరగలేదు. భారత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ దాకా ఎదిగారు. ఫిఫా గుర్తింపు ఉన్న రెఫరీ అయి 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్పులో విజిల్ పట్టారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ప్రధాన కోచ్ పీకే బెనర్జీకి తోడుగా భారత జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశారు. 1998లో బొంబాయి కంపెనీ జట్టు మహీంద్రా అండ్ మహీంద్రాకు కోచ్‌గా ఉండి డ్యూరాండ్ కప్పు గెలిపించారు. 2017లో మన దేశంలో అండర్–17 ప్రపంచ కప్పు జరగడానికి ముందు కుర్రాళ్లను వెతికే పనికి సారథి అయ్యారు. ధ్యాన్‌చంద్ పురస్కారం కూడా ఆ ఏడే వచ్చింది. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో కన్నుమూసే దాకా ఆటతో ఆయన తెగతెంపులు చేసుకోలేదు. ఈ పనులన్నీ ఒక్కసారి పరిశీలించండి. రెఫరీ అంటే విజిల్ ఊదడమొక్కటే కాదు. నియమావళిని అక్షరం అక్షరం చదవాలి, మ్యాచ్ అయ్యాక రిపోర్టు రాయాలి, ఎవరికి ఎర్ర కార్డు ఎందుకు చూపించాడో కాగితం మీద నిలబెట్టాలి. వైమానిక దళం ఆఫీసరు కావాలంటే చదువుండాలి. కాళ్లు ఆగిపోయాక ఆయనను నడిపించింది ఆ చదువే.

ఆ చదువు ఇంట్లోనే ఉంది. 1909లో పుట్టిన రహీం సాబ్ ఉస్మానియాలో బీఏ చేసి బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్‌తో మొదలుపెట్టి హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆయన కోచింగ్‌లో కనిపించేది పంతులు తెలివే. డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి కుర్రాళ్లకు టోర్నమెంట్లు నడిపారు. బంతిని కాలి దగ్గర అట్టే ఉంచుకుని మురిసిపోయే అలవాటు పోవాలని ఆ నియమం. బలహీనమైన కాలితోనే తన్నాలని ఇంకో పోటీ పెట్టారు. లెక్కల మాస్టారు పిల్లవాడు తప్పించుకు తిరిగే ఎక్కాన్నే పదిసార్లు చెప్పించినట్టు ఉంటుంది ఇది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది బూట్లు లేకుండా ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయింది. రహీం అక్కడ తల పట్టుకుని కూర్చోలేదు. హంగరీ జట్టు సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక నిలబెట్టి ఎలా ఆడుతోందో గమనించి వచ్చి, ఇక్కడి కుర్రాళ్లకు నేర్పారు. నాలుగేళ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన హైదరాబాద్ నేల ఇచ్చినవాళ్లు. ఆస్ట్రేలియా మీద మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజా బొంబాయివాడు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. రహీం చదువుకున్న మనిషి గనుక కొడుకూ చదువుకున్నాడు, ఇందులో వింతేముంది, పేదింటి కుర్రాడి సంగతేమిటి అంటారు. న్యాయమైన ప్రశ్న. జవాబు బలరాం జీవితంలో ఉంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టిన బలరాంకు మైదానం దాకా రావడానికి సైకిల్ అద్దె కూడా ఉండేది కాదు. ఆ అద్దె రహీం సాబే ఇచ్చేవారని బలరామే తర్వాత చెప్పుకున్నారు. రెండు ఒలింపిక్స్ ఆడి, ఆసియా బంగారం గెలిచి, అర్జున అందుకుని, 1963లో ఊపిరితిత్తుల జబ్బుతో మైదానం వదిలారు. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. ఆ తర్వాత ఆయనను ఆదుకున్నది రైల్వే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టు, ఆ ఉద్యోగం, కోచింగ్, కొత్త కుర్రాళ్లను వెతికే పని ఆయనను నిలబెట్టాయి. 2023 ఫిబ్రవరిలో పోయేదాకా బెంగాల్‌లోనే ఉండిపోయారు. హకీంకు చదువు చేసిన మేలు బలరాంకు సంస్థ చేసింది. ఈ రెండూ ఒకే మనిషికి దొరికితే ఎలా ఉంటుందో చూపించినవాడు నాగా కొండల తాలిమెరెన్ ఆవ్. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు కెప్టెన్ ఆయన. మోహన్ బగాన్‌కు ఆడుతూనే కలకత్తాలో డాక్టరీ చదివి, నాగా కొండలకు తిరిగి వెళ్లి ప్రభుత్వ వైద్యుడిగా జీవితం గడిపారు. డాక్టర్ కావాలన్నది తండ్రి కోరిక. ఆ తండ్రి ఆయన డాక్టరు కావడం చూడకుండానే పోయారు.

సంస్థ గానీ చదువు గానీ ఆకాశం నుంచి ఊడిపడవు. పేదవాడి బిడ్డ బడిలో కూర్చోవాలంటే ఆ వయసులో అతను పనిలో ఉండకూడదు. పనిచేసే కుర్రాడు మైదానానికి రావాలంటే చీకటి పడకముందే పని ముగియాలి. చదువుకున్న ఆటగాడు అనే మనిషి పుట్టడానికి వెనక ఒక ఖాళీ పూట, ఒక బడి ఉండి తీరాలి. ఈ రెండింటినీ కొట్లాడి తెచ్చుకున్న చరిత్ర మహారాష్ట్రది. అందులో మనవాళ్ల చెయ్యి కూడా ఉందని మన దగ్గర చాలామందికి తెలియదు.

బొంబాయిలో కామాఠీపురా అనగానే జనం మొహం తిప్పుకుంటారు. ఆ పేరు నిజాం రాజ్యం నుంచి వచ్చి ఇళ్లు, రోడ్లు కట్టిన తెలుగు కూలీలది. వాళ్లను ఇక్కడ కామాఠీలు అన్నారు. వాళ్లలోంచి ఎదిగిన మేస్త్రీలు, కాంట్రాక్టర్లు కొందరు మహాత్మా ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడీ లింగు, వెంకూ బాళోజీ కాళేవార్ పేర్లు ఆ సమాజ చరిత్రలో కనిపిస్తాయి. ఆ ఫూలేనే 1882లో హంటర్ కమిషన్‌కు విన్నపం రాసి, పన్నెండేళ్లు వచ్చేదాకా ప్రతి పిల్లకూ పిల్లవాడికీ చదువు తప్పనిసరి చేయమని అడిగాడు. రైతు కట్టే పన్నుతో పై కులాల పిల్లలకు పై చదువులు చెప్పించి, ఆ రైతు బిడ్డకు అక్షరం కూడా దక్కనివ్వని పద్ధతి మీద ఆయన కోపం అది.

ఖాళీ పూట కథ ఆ సమాజం వాడే అయిన నారాయణ్ మేఘాజీ లోఖండేది. బొంబాయిలో మొదటి బట్టల మిల్లు 1856లో నడక మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు తిరిగేసరికి పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా వేలమంది ఆ గోడల మధ్యే ఉండేవారు. వారానికొక సెలవు కూడా ఖాయంగా ఉండేది కాదు. మిల్లులో స్టోర్‌కీపర్‌గా పనిచేసిన లోఖండే 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టాడు, ‘దీనబంధు’ పత్రిక నడిపాడు. ఏళ్ల తరబడి అడిగాక 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు ఫ్యాక్టరీల చట్టం వారానికో సెలవును రాతలో పెట్టింది. ఆ తర్వాత గంటలు మెల్లమెల్లగా దిగాయి. బట్టల మిల్లుల్లో మగవాళ్లకు రోజుకు 12 గంటలు మించకూడదని 1911 చట్టం అన్నది. 1922లో అది 11 అయింది, 1934లో 10. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టం వారానికి 48 గంటలు ఖాయం చేసింది. రోజుకు 12 గంటల హద్దు నుంచి వారానికి 48 గంటల ఆ చట్టం దాకా రావడానికి 37 ఏళ్లు పట్టింది. ఒక్కో గంట వెనక సమ్మెలు, లాఠీలు, ఆకలి ఉన్నాయి.

చిత్రమేమిటంటే బొంబాయిలో రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీ మొదలైంది కూడా వారపు సెలవు చట్టం వచ్చిన ఆ 1891లోనే. ఈ రెండింటికీ సంబంధం అంటగట్టను. రోవర్స్ తెల్ల సిపాయిల ఆట, తొలి కప్పు వోర్సెస్టర్ రెజిమెంట్‌ది. దేశీయ జట్టు ఒకటి, బెంగళూరు ముస్లిమ్స్, ఆ కప్పు గెలవడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. అయితే ఆ తర్వాతి అధ్యాయం మనది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎత్తుకుపోయింది. రహీం తీర్చిదిద్దిన జట్టు అది. సంతోష్ ట్రోఫీలో కూడా 1956–57లో, ఆ మరుసటి ఏడు హైదరాబాద్ గెలిచింది. ఓడింది రెండుసార్లూ బొంబాయే. ఆ పోలీస్ జట్టు పేరును మనం అలవాటుగా అనేస్తాం గానీ, అందులో అసలు మాట ‘పోలీస్’. ఆటగాళ్లకు పోలీస్ శాఖ నౌకరీ ఇచ్చింది. నెల తిరిగితే జీతం, అరవై దగ్గర పడితే పెన్షన్. గాయపడినా ఇంట్లో పొయ్యి వెలిగేది. బొంబాయిలో ఈ పని కంపెనీలు చేశాయి. టాటాలకు జట్టు ఉండేది, కాల్టెక్స్‌కు ఉండేది, రైల్వేలకు ఉండేది. బట్టల కంపెనీల్లో మఫత్‌లాల్, ఓర్కే మిల్స్ జట్లు కూపరేజ్ మైదానంలో పేరు తెచ్చుకున్నాయి. బొంబాయిలో మన తెలుగువాళ్లు దాదర్‌లో పెట్టుకున్న సంఘం పేరే ‘ఆంధ్ర మహాసభ అండ్ జింఖానా’. పొద్దంతా పని ఉన్న ఊళ్లో ఏ సంఘమూ తన పేరులో ఆటను పెట్టుకోదు. కాస్త ఖాళీ ఉన్న ఊరిది ఆ పేరు.

ఇక భీవండి సంగతి. 1956లో ప్రభుత్వం మిల్లుల్లో కొత్త మగ్గాలు పెట్టకుండా కట్టడి చేసింది. చేనేతను కాపాడాలన్నది ఉద్దేశం. చేనేత పెద్దగా బాగుపడలేదు గానీ, మిల్లుకూ చేనేతకూ మధ్య ఉన్న సందులోకి పవర్‌లూమ్ దూరింది. పన్ను తక్కువ. పదిమంది కంటే తక్కువ ఉన్న షెడ్డు ఫ్యాక్టరీల చట్టం కిందికి వచ్చేది కాదు. అందుకే పెద్ద కారఖానా కూడా కాగితాల మీద నాలుగైదు చిన్న షెడ్లుగా విడిపోయింది. భీవండి, మాలేగావ్, ఇచల్‌కరంజి ఇలా పెరిగాయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు. ఆ సమ్మెను ముగించామని ఎవరూ అధికారికంగా ప్రకటించలేదు. మిల్లుల్లో ఆగిన గుడ్డ భీవండి షెడ్లలో నేయడం మొదలైంది. సంధ్యవేళ టెంఘర్ సందుల్లో నడిస్తే ఆ చరిత్రంతా ఒక చప్పుడై వినిపిస్తుంది.

ఆ షెడ్డులో ఒక మనిషిని దగ్గరగా చూడండి. ఇరుకు దారికి అటూ ఇటూ నాలుగో ఆరో సాంచాలు, అన్నిటికీ అతనొక్కడే. నాడెలో కండె కొద్ది నిమిషాలకోసారి అయిపోతుంది. అయిపోయిందంటే మగ్గం ఆపి, కొత్త కండె వేసి, మళ్లీ నడపాలి. ఇంతలో పక్క సాంచాలో నిలువు పోగు తెగుతుంది. పాతకాలపు సాంచా పోగు తెగినా దానంతట అది ఆగదు. అతని కంటికి ఆనకపోతే గుడ్డలో గీత పడుతుంది, సేఠు మజూరీలో కోత పడుతుంది. జీతం మీటరు లెక్కన గనుక ఆగిన ప్రతి నిమిషం సొంత జేబులోంచే పోతుంది. ఇలా 12 గంటలు. కొన్నాళ్లు పగటి షిఫ్టు, కొన్నాళ్లు రాత్రి షిఫ్టు. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడతారు, బీడీలు చుడతారు. బట్టల మిల్లులో మగవాడికి 1911లో చట్టం పెట్టిన హద్దు 12 గంటలు. భీవండి షెడ్డులో షిఫ్టు ఇప్పటికీ 12 గంటలే. లోఖండే ఆదివారం, ఆ తర్వాత దిగిన గంటలు బొంబాయి మిల్లు గేటు దాటి ఈ షెడ్డు లోపలికి రాలేదు. చరిత్ర ముందుకు నడుస్తుందని మనం బడిలో చదువుకుంటాం. బొంబాయి నుంచి భీవండి దాకా ఉన్న ఈ కొద్ది మైళ్లలో అది వందేళ్లు వెనక్కి నడిచింది. ఈ షెడ్డుకు ఫుట్‌బాల్ జట్టు ఎక్కడి నుంచి వస్తుంది? మంచి ఆటగాడు కనబడితే ఏ సేఠు ఏ రిజిస్టర్‌లో అతని పేరు రాసుకుని పెన్షన్ ఇస్తాడు? ఆరు సాంచాల ఆసామికే రేపటి నూలుకు పెట్టుబడి లేదు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. కంపెనీ ముక్కలైనప్పుడు కంపెనీ జట్టు కూడా ముక్కలైపోయింది.

రెండో అభ్యంతరం ఇక్కడ వస్తుంది, ఇది బలమైనది. మిల్లులేమన్నా ధర్మసత్రాలా, వాటి జట్లలో మిల్లు కార్మికుడి కొడుకు ఎంతమంది, గోవా నుంచి పంజాబ్ నుంచి హైదరాబాద్ నుంచి తయారైన ఆటగాళ్లను తెచ్చుకుని కంపెనీ పేరు వాడుకున్నారు గదా అని. నిజం. మఫత్‌లాల్ చొక్కా వేసుకున్నవాళ్లు మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చినవాళ్లు కారు. జట్టు కంపెనీకి ప్రచారం. ఈ మాట ఒప్పుకుంటూనే ఒకటి అడుగుతాను. ఎనిమిది గంటల షిఫ్టు, ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ ఆస్పత్రి చీటీ ప్రచారం కోసం ఇచ్చినవా? అవి ఆటగాడి కోసం ఇచ్చినవి కావు, అందరి కోసం గుంజుకున్నవి. ఆటగాడు వాటి నీడలో నిలబడ్డాడు. పరేల్, లాల్‌బాగ్‌లు ఉన్న మిల్లుల పేట గిరణ్‌గావ్‌లో మిల్లు కూలీ సాయంత్రం ఇంటికొచ్చి కొడుకును వ్యాయామశాలకు, రాత్రి బడికి పంపగలిగాడు. భీవండిలో తండ్రి ఇంటికొచ్చేసరికి కొడుకు నిద్రపోయి ఉంటాడు, లేదా తండ్రి బయల్దేరేటప్పుడు కొడుకు ఇంకా లేవడు.

ఇంకొకరు ఇలా అంటారు: ఆ గంటలు తగ్గించమన్న కొట్లాటలే మిల్లులను ముంచాయి, సమ్మె చేయకపోతే మిల్లులుండేవి, జట్లుండేవి. 1982 ఓటమి మిల్లులకు చావుదెబ్బ అన్నది కాదనను. కానీ ఆ దెబ్బకు ముందే నలభై ఏళ్ల పాత మగ్గాలతో నడుస్తూ, లాభాలు వేరే వ్యాపారాల్లోకి తరలిస్తూ, కింద ఉన్న నేల ధర పైన ఉన్న మిల్లు కంటే ఎక్కువని లెక్క కట్టిన యజమానులు తక్కువేం లేరు. ఆ మిల్లు నేలల్లో ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. పైగా 12 గంటల షెడ్డును చట్టం బయట వదిలేసి 8 గంటల మిల్లును చట్టం లోపల పెడితే గుడ్డ ఎటు పోతుందో చెప్పడానికి అర్థశాస్త్రం చదవనక్కర్లేదు. తప్పు గంటలు తగ్గించమన్న కూలీది కాదు. ఆ గంటలను ఒక గోడకు ఇవతల ఉంచి అవతల వదిలేసిన విధానానిది.

మూడో మాట ఈ కాలం కుర్రాళ్లది. అదంతా పాత కథ, ఇప్పుడు ఇండియన్ సూపర్ లీగ్ ఉంది, ఆటగాడు సర్కారీ గుమాస్తా కావాల్సిన పనిలేదు, ఆటే ఉద్యోగం అంటారు. 2014లో ఆ లీగ్ మొదలైనప్పుడు నేనూ సంతోషించినవాణ్నే. డిపార్ట్‌మెంట్ జట్ల కాలంలో ఆట స్థాయి పడిపోయిందన్నది కూడా నిజం. 1962 తర్వాత ఆసియా క్రీడల బంగారం మళ్లీ రాలేదు. కానీ మన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ ఛాంపియన్ అయింది. రెండేళ్లు తిరక్కముందే జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బొంబాయిలో మహీంద్రా యునైటెడ్ 2006లో జాతీయ లీగ్ గెలిచి, 2010లో మూతబడింది. హకీం డ్యూరాండ్ గెలిపించిన జట్టు అదే. నూరేళ్లు నడిచిన రోవర్స్ కప్పు కూడా ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. క్లబ్బు పోవచ్చు, కప్పు పోవచ్చు. ఇవి పోయినప్పుడు ఇరవై అయిదేళ్ల కుర్రాడి చేతిలో ఇంకేముందన్నదే అసలు ప్రశ్న. తాలిమెరెన్ ఆవ్ చేతిలో డాక్టరు పట్టా ఉంది, హకీం చేతిలో వైమానిక దళం ఉద్యోగం ఉంది.

అందుకే భీవండిలో ఆట గురించి మాట్లాడాలంటే ముందు బడి గురించి మాట్లాడాలి అంటాను. సంస్థ పోయింది, తొందరగా తిరిగి రాదు. ఖాళీ పూట మగ్గం మీద ఉన్న పెద్దవాడికి ఇంకా దక్కలేదు. పిల్లవాడికి మాత్రం 2009 విద్యా హక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకా బడి రాసిచ్చింది. ఫూలే అడిగిన పన్నెండేళ్ల కంటే అది రెండేళ్లు ఎక్కువే. ఇక్కడ పద్మనగర్‌లో తెలుగు మాధ్యమం బడులున్నాయి. ఉర్దూ, మరాఠీ, హిందీ బడులున్నాయి. రహీం సాబ్ వద్ద ఉన్నది కూడా ఒక బడి, ఒక బంతి, కొందరు పిల్లలే. ఆయన కాలపు బడిపంతులు జీతం ఏమంత గొప్పది కాదు. సర్కారు ఆయనకు బతికుండగా చేసిన సత్కారం కూడా గొప్పగా లేదు. జకార్తా గెలిచిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో వెళ్లిపోయారు. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి మాత్రం కొలవడానికి దొరుకుతుంది: ఆయన శిష్యులు ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఈ దేశంలో ఎక్కడో ఒక మైదానంలో కుర్రాళ్లకు ఆట నేర్పుతూనే ఉన్నారు.

థానే నుంచి భీవండి మీదుగా కల్యాణ్ పోయే మెట్రో ఐదో మార్గం పటంలో టెంఘర్ ఒక స్టేషన్. రేపు రైలు వస్తుంది, నేల ధర పెరుగుతుంది, బొంబాయి మిల్లులకు పట్టిన గతి ఈ షెడ్లకూ పట్టవచ్చు. సాంచాలు ఇంకో ఊరికి, బహుశా మన సిరిసిల్ల వైపే, కదలవచ్చు. సిరిసిల్లలో సాంచాలు పెట్టినవాళ్లలో ఎందరో ఇక్కడ పని నేర్చుకుని తిరిగి వెళ్లినవాళ్లే. ఆ ఇనుముతో పాటు ఆ 12 గంటలు కూడా అక్కడికి వచ్చాయి. కాబట్టి ఇది నేను దూరపు దేశం గురించి చెప్పిన కథ అనుకోకండి. సిరిసిల్లలో, గర్షకుర్తిలో, పోచంపల్లిలో ఈ రాత చదివే తల్లిదండ్రులకు ఒక్కటే మనవి. కొడుకును బతుకుదెరువుకు భీవండి పంపాలనుకుంటే, పగార్ ఎంతని అడిగేముందు షిఫ్టు ఎన్ని గంటలని అడగండి. పదో తరగతి కాకముందే మాత్రం పంపకండి.